వాస్తు దోషం కాదన్నా, ఎర్తింగ్ దోషం



ఈ పోస్టు కాస్త పొడుగు. కల్లంలో కాయ ఎండబోసి కావలి కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి. మా ఊళ్లోనే ఓ నలుగురికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నా.

విషయం వాస్తు. అందులోనూ ఈమధ్య పల్లెల్లోకి కొత్తగా దిగిన "పంచభూతాల బ్యాలెన్సింగు". ఇదివరకు వాస్తు అంటే గోడ పగలగొట్టు, గుమ్మం మార్చు, మెట్లు తిప్పు అనేవాళ్లు. ఇప్పుడు అవేవీ అక్కర్లేదట. ఏ మూలలో ఏ భూతం ఏ భూతంతో కొట్లాడుతోందో కనిపెట్టి, మధ్యలో ఒక రాగి పట్టీ, ఒక ఉప్పు గిన్నె, ఒక పిరమిడ్ పెట్టి రాజీ చేస్తారట. మా ఇంట్లో చేయించాం. 38 వేలు అయింది. ఏం జరిగిందో చెప్తా, తర్వాత మీరే తేల్చండి.

మా ఇంటి బోరు ఆగ్నేయంలో ఉంది. నాన్న ఉన్నప్పుడు, పదిహేనేళ్ల కింద వేసింది. అప్పుడు ఈశాన్యంలో గడ్డివామి ఉంది, అటు బోరు లారీ పోయే దారి లేదు. లారీ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే వేశారు. 180 అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ఈ రోజుదాకా ఒక్క ఎండాకాలం కూడా ఎండలేదు. బోరు పక్కనే గొడ్ల చావిడి. పైన రేకులు, నాలుగు ఇనప గుంజలు. స్టార్టరు డబ్బా చావిడి గోడకే ఉంది.

రెండేళ్ల కింద శ్రావణంలో, వారం రోజులు ముసురు పట్టినప్పుడు, మా గేదె చచ్చిపోయింది. రెండో ఈత, నిండు చూడి. పొద్దున్నే అమ్మ మోటరు వేసింది. కుడితి తొట్టి నిండుతోంది. గేదె వచ్చి తొట్లో మూతి పెట్టింది, గుంజకు ఒరిగింది, ఒక్క అరుపు అరిచింది. అంతే, కాళ్లు చాపేసింది. నేను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అమ్మ మోటరు ఆపేసి నిలబడి వణుకుతోంది.

కరెంటేమోనని అనుమానం మాకూ వచ్చింది. టెస్టరు తెచ్చి గుంజ మీద పెట్టి చూశాం. వెలగలేదు. వైరు చూశాం, బాగానే ఉన్నట్టుంది. "కరెంటు కాదురా, అయితే టెస్టరు వెలగదా" అన్నాడు అన్నయ్య. నేనూ తల ఊపా. ఈ టెస్టరు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఇక మొదలైంది. మా మేనత్త వచ్చి, "ఆగ్నేయంలో బోరు పెట్టుకుని ఇన్నాళ్లు నెట్టుకురావడమే ఎక్కువ" అంది. ఆ మాటతో లెక్కలు బయటికొచ్చాయి. నాన్న గుండెపోటుతో పోయింది ఈ బోరు వల్లే. 2021లో మిరప తోట నల్ల తామర పురుగు నాకేసింది ఈ బోరు వల్లే. అన్నయ్య కొడుక్కి ఎంసెట్‌లో ర్యాంకు రానిది ఈ బోరు వల్లే. పదిహేనేళ్ల కష్టాలన్నీ తెచ్చి ఒక్క బోరు గుంటలో పోశారు. ఆ పదిహేనేళ్లలోనే ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాం, ఎకరంన్నర పొలం కొన్నాం. అవి ఏ బోరు నీళ్లు తాగి చేశామో ఎవరూ లెక్క కట్టలేదు.

సిద్ధాంతి గారిని పిలిపించారు. కారులో వచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో దిక్సూచి. మనకు తెలిసినవి ఎనిమిది దిక్కులు. ఆయన ఇంటిని 16 జోన్లు చేశారు. "జలం వచ్చి అగ్ని స్థానంలో కూర్చుంది. ఈ రెండూ బద్ధ శత్రువులు. ఇంట్లో రెండూ కొట్టుకుంటున్నాయి. మొదట పశువును తీసుకుంది, తర్వాత..." అని ఆపేశారు. ఆ ఆపేసిన చోటే మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన పనంతా ఆ ఆపడంలోనే ఉంది.

రెండు దారులు చెప్పారు. ఒకటి, ఈ బోరు పూడ్చేసి ఈశాన్యంలో కొత్తది వేయడం. రెండు, పరిహారాలు. లక్షన్నర కంటే 38 వేలు నయం కదా అనిపిస్తుంది. అలా అనిపించడానికే మొదటి దారి చెప్తారని ఇప్పుడు తెలుస్తోంది. మిర్చి కొట్టు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాం.

బోరుకీ వంటింటికీ మధ్య గచ్చు కోసి రాగి పట్టీ పరిచారు. ఇంటి నాలుగు మూలల్లో గాజు గిన్నెల్లో రాతి ఉప్పు, అమావాస్య అమావాస్యకీ మార్చాలి. బోరు చుట్టూ తొమ్మిది ప్లాస్టిక్ పిరమిడ్లు. స్టార్టరు ఉన్న గోడకు ఎర్ర రంగు. "ఒక్క మండలం ఓపిక పట్టండి, ఇల్లు శాంతిస్తుంది" అన్నారు.

మండలం పూర్తయ్యి పది రోజులు కాలేదు. మా ఆవిడ చావిడి గుంజకు కట్టిన దండెం తీగ మీద తడి బట్టలు ఆరేస్తోంది. లోపల మోటరు నడుస్తోంది. తీగ పట్టుకుందో లేదో విసిరి పడేసింది. కాళ్లకు చెప్పులుండబట్టి, చెయ్యి వెంటనే ఊడిరాబట్టి బతికింది. అరచెయ్యి కాలింది. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచారు. ఆ రాత్రి మంచం పక్కన కూర్చుని నేను అనుకున్నది ఒకటే. గేదె పోయిన రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవకుండా సిద్ధాంతిని ఎందుకు పిలిచాం?

మర్నాడు మా ఊరి కుర్రాడు ఒకడు వచ్చాడు. ఐటీఐ చేశాడు, మోటార్లు కడతాడు. వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "మామా, అప్పుడు టెస్టరు పెట్టినప్పుడు మోటరు నడుస్తోందా, ఆగిందా?"

ఆగింది. అమ్మ ఆపేసింది కదా.

"ఇప్పుడు వేయండి. ఎవరూ గుంజలు ముట్టుకోవద్దు" అన్నాడు. మోటరు వేసి టెస్టరు పెట్టాడు. గుంజ మీద వెలిగింది. దండెం మీద వెలిగింది. తొట్టి దగ్గర పైపు మీద వెలిగింది. మా ఇంటి చావిడి మొత్తం కరెంటు.

స్టార్టరు నుంచి బోరులోకి పోయే కేబులు రేకు అంచు మీదుగా వేశారు. గాలికి ఊగి ఊగి, రేకు అంచు కోసి కోసి, తోలు లేచిపోయింది. మోటరు నడిచినంతసేపూ రేకుకు కరెంటు, రేకు నుంచి గుంజకు, గుంజ నుంచి తడి నేలకు. మోటరు ఆపితే ఏమీ లేదు. అందుకే మాకు టెస్టరు వెలగలేదు. ఇక స్టార్టరు డబ్బా తెరిస్తే, ఎర్త్ వైరు ఎక్కడా కలపలేదు. చుట్ట చుట్టి లోపల దోపి ఉంది. చావిడి ఇనుముకూ ఎర్త్ లేదు. పదిహేనేళ్లుగా మా ఇంటికి ఎర్తింగే లేదు.

ఇప్పుడు చెప్పండి. సిద్ధాంతి గారి మాటలో ఒకటి నిజమే. మా ఇంట్లో నీళ్లూ నిప్పూ కొట్టుకున్నాయి. కొట్టుకుంది ఆగ్నేయ మూలలో కాదు, రేకు అంచు దగ్గర. ఆ బోరు ఈశాన్యంలో ఉన్నా అదే కేబులు, అదే రేకు, అదే చావు.

ఆయనకు ఫోన్ చేశా. జరిగింది చెప్పా. "చూశారా, పరిహారం చేయబట్టే ప్రాణం నిలిచింది, లేకపోతే మనిషి దక్కేది కాదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మనిషి పోతే దోషం బలం, మనిషి బతికితే పరిహారం బలం. ఎటు పడినా ఆయనదే గెలుపు. మన పురుగుమందుల కొట్టాయన, "మందు కొట్టినా పురుగు తిన్నదా? కొట్టబట్టే సగం మిగిలింది, ఇంకో డబ్బా తీసుకో" అంటే ఊరుకుంటామా? అక్కడ కాలరు పట్టుకునే మనం ఇక్కడ కాళ్లు పట్టుకుంటున్నాం.

ఆ ఐటీఐ కుర్రాడు చేసిన పని చెప్తా, ఇది అందరికీ పనికొస్తుంది. ఎనిమిది అడుగుల గుంట తీయించాడు. అందులో జీఐ పైపు దించాడు. పైపు చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు. పైపు నుంచి స్టార్టరు డబ్బాకు, మోటరుకు, చావిడి ఇనుముకు వైరు కలిపాడు. కేబులు మార్చి గొట్టంలో వేశాడు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాడు. అన్నీ కలిపి, కూలితో సహా, 6,400 రూపాయలు.

గమనించారా? ఉప్పు, లోహం. సిద్ధాంతి గారి సామానూ అదే, ఎలక్ట్రీషియన్ సామానూ అదే. ఒకాయన ఉప్పును గాజు గిన్నెలో పోసి మూలన పెట్టాడు. ఇంకొకడు భూమిలో పోశాడు. బొగ్గూ ఉప్పూ చెమ్మను పట్టి ఉంచుతాయి, చెమ్మ ఉన్న నేల కరెంటును తేలిగ్గా లోపలికి తీసుకుంటుంది. లీకైన కరెంటు మనిషి ఒంట్లోంచి పోకుండా ఆ దారిన పోతుంది. ఎండాకాలంలో ఆ గుంటలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయాలి. నిప్పు, నీళ్లు, నేల, ఈ మూడింటికీ నిజంగా రాజీ కుదిరిన చోటు ఇంట్లో ఏదైనా ఉంటే అది ఎర్త్ గుంట. మిగతాదంతా గాజు గిన్నె.

ఇంకో మాట. "మాకు ఫ్యూజు ఉంది, ఎంసీబీ ఉంది, ఏం కాదు" అనుకునేవాళ్లు చాలామంది. ఫ్యూజూ, ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడతాయి. పది, పదహారు ఆంపియర్లు దాటితేనే వాటికి చలనం. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. మీరు కొట్టుకుంటున్నా ఎంసీబీ చూస్తూ ఉంటుంది. ఆర్‌సీసీబీ అలా కాదు. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క చూసుకుంటుంది. తేడా వస్తే రెప్పపాటులో కొట్టేస్తుంది. గేదెల సంగతి మరీ ఘోరం. తడి నేల మీద నాలుగు కాళ్లూ ఆనుతాయి, ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం ఎక్కువ, చెప్పులుండవు. మనకి జివ్వుమనే కరెంటుకే అవి పడిపోతాయి. చావిడిలో గేదె గుంజ దగ్గరికి పోవడానికి భయపడుతోందన్నా, తొట్లో మూతి పెట్టి వెనక్కి లాక్కుంటోందన్నా, దిష్టి తీయకండి. కరెంటు చూపించండి.

ఇక నాకు రాబోయే ప్రశ్నలు నాకు తెలుసు. వరసగా జవాబు చెప్తా.

"వాస్తు మన పెద్దల శాస్త్రం, నువ్వెవడివి కాదనడానికి?"

పెద్దల శాస్త్రాన్ని నేను కాదనడం లేదు. ఆ పేరుతో అమ్ముతున్న సరుకును చూడమంటున్నా. పిరమిడ్ ఏ ఊరిది? ఈజిప్టుది. అక్కడ అది రాజుల సమాధి. సమాధి బొమ్మలు తొమ్మిది కొనుక్కొచ్చి మంచినీళ్ల బోరు చుట్టూ పెట్టుకున్నాం. లోహం, చెక్క అని భూతాలు చెప్తున్నారు కొందరు. మన పంచభూతాలు భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. లోహం, చెక్క ఉన్న లెక్క చైనావాళ్లది. నవ్వే బుద్ధుడి బొమ్మా అక్కడిదే. సగం ఈజిప్టు, సగం చైనా కలిపి పైన పసుపు బొట్టు పెట్టి మన తాతల పేరు చెప్తే మనం నమ్మేస్తున్నాం.

నిజంగా పాత పుస్తకం కావాలంటే వరాహమిహిరుడి బృహత్సంహిత ఉంది. ఆరో శతాబ్దం నాటిది. అందులో ఇంటి వాస్తు మీద ఒక అధ్యాయం, భూమిలో నీళ్లు కనిపెట్టడం మీద దకార్గళం అని ఇంకో అధ్యాయం ఉన్నాయి. నీళ్లకు గుర్తులుగా ఆయన ఏం చెప్పాడు? నేరేడు, మేడి లాంటి చెట్లు, వాటి పక్కన పుట్టలు, తవ్వుతుంటే తగిలే మట్టి రంగు, రాయి. అంటే ఆయన నీళ్ల కోసం నేలను చూశాడు. దాచకుండా ఇంకోటీ చెప్తా. ఊరికి ఆగ్నేయంలో బావి ఉంటే భయం, మంట అన్న మాట కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. కానీ చెప్పింది ఊరికి, పట్నానికి. ఐదు సెంట్ల స్థలాన్ని 16 ముక్కలు చేసి చెప్పలేదు. ఆ మాట తప్పో ఒప్పో పక్కన పెట్టండి. దాన్ని మన పెరటికి కుదించి బిల్లు రాసింది మాత్రం ఆయన కాదు.

మా బోరు మాకు ఆగ్నేయం. మాకు దక్షిణాన ఉన్న ఇంటివాళ్ల వైపు నుంచి చూడండి, ప్రహరీకి అటుపక్క అది వాళ్ల ఈశాన్య మూల. గోడ ఒక గజం ఇటు జరిపి కడితే అదే బోరు, అవే నీళ్లు మహా శ్రేష్ఠం. భూమిలో ఉన్న నీటికి మన ప్రహరీ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? మన రాతి నేలల్లో నీళ్లు రాయి పగుళ్లలో ఉంటాయి. పగులు ఎటు ఉంటే అటు. మా ఊళ్లో ఒకాయన ఇలాగే ఆగ్నేయం బోరు పూడ్చి ఈశాన్యంలో 350 అడుగులు వేయించాడు. దుమ్ము వచ్చింది. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడుతున్నారు. వాళ్ల ఈశాన్యం మాత్రం శుద్ధంగా ఉంది.

"పరిహారం చేయించాక బాగుపడ్డవాళ్లు లేరా?"

ఉన్నారు. మనం సిద్ధాంతిని ఎప్పుడు పిలుస్తాం? అన్నీ బాగున్నప్పుడు పిలవం. పంట పోయి, అప్పు పెరిగి, ఇంట్లో జబ్బు చేసి, అడుగుకు తగిలాక పిలుస్తాం. అడుగుకు తగిలినవాడు ఆ తర్వాత ఎంతో కొంత పైకే వస్తాడు. ఆ పేరు రాగి పట్టీ కొట్టేస్తుంది. మనం రైతులం. కొత్త మందు వస్తే ఏం చేస్తాం? రెండు సాళ్లకు కొట్టి, రెండు సాళ్లు వదిలేసి తేడా చూస్తాం. వదిలేసిన సాళ్లు కూడా బాగుంటే మందు గొప్పేం లేదంటాం. పరిహారం చేయించకుండా బాగుపడ్డ ఇళ్లు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో ఆ లెక్కన ఒకసారి చూడండి.

2021లో నల్ల తామర వచ్చినప్పుడు తూర్పు ముఖం ఇల్లు, దక్షిణం ముఖం ఇల్లు అని చూసిందా? ఊరు ఊరంతా పోయింది. 2023లో క్వింటాలు 20 వేలు దాటడం చూశాం. 2025 మొదట్లో ధర పడిపోయి కేంద్రం 11,781 రూపాయలకు మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో మన గుమ్మాలేమైనా తిరిగాయా? వంటగది ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచిందా?

పెద్దవాళ్ల సంగతీ చూడండి. హైదరాబాదులో పాత సచివాలయానికి వాస్తు బాగాలేదని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రే పైకి చెప్పారు. కొత్తది కట్టి 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. అదే ఏడు డిసెంబరులో ప్రభుత్వం మారిపోయింది. నాకు ఏ పార్టీ గోలా లేదు. అంత ఖర్చు పెట్టి దగ్గరుండి కట్టించుకున్న ఇల్లే ఓట్లను ఆపలేకపోతే, నా 38 వేల పట్టీ గేదె చావును ఆపుతుందా అని అడుగుతున్నా.

"నమ్మకం మా ఇష్టం. నీకేం నష్టం?"

దండం పెట్టుకోండి, ముగ్గు వేసుకోండి, ఈశాన్యం శుభ్రంగా ఉంచుకోండి. నేనూ ఉంచుకుంటా. పాత ఇళ్లలో గాలికి, వెలుతురుకు, పొగ పోవడానికి పెద్దవాళ్లు చూసుకున్న పద్ధతుల మీద నాకు గౌరవమే. నష్టం ఎక్కడంటే, పరిహారం చేయించిన రోజు మనం వెతకడం ఆపేస్తాం. కారణం దొరికింది, మందు పడింది, ఇక పడుకుందాం అనుకుంటాం. మా ఇంట్లో ఆ యాభై ఎనిమిది రోజులూ అదే కేబులు అదే రేకు మీద ఉంది. మా అమ్మ రోజూ ఆ గుంజ పక్కనే నిలబడి మోటరు వేసింది. మా అన్న పిల్లలు ఆ గుంజలు పట్టుకుని గిరగిరా తిరిగారు. ఇల్లు శాంతిస్తోందని మేం నిమ్మళంగా ఉన్నాం. 38 వేలు పోయినందుకు కాదు నా బాధ, ఆ నిమ్మళానికి.

ఒంట్లో బాగాలేని మనిషికి మంచం దిక్కు మార్చి నెల రోజులు చూసేవాళ్లున్నారు. ఆ నెల చాలు జబ్బు ముదరడానికి. అప్పు మీద అప్పయిన ఇంట్లో అన్నదమ్ములు కూర్చుని లెక్కలు తీయకుండా, వాయవ్యం బరువు తగ్గించాలని గది పడగొట్టేవాళ్లున్నారు. ఆ గదికి మళ్లీ అప్పు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించా. రాస్తున్నా. మా ఆవిడ కాపురానికి వచ్చిన ఏడే ఆ బోరు పడింది. గేదె పోయిన రోజు మా మేనత్త మొదట అన్న మాట బోరు గురించి కాదు. "ఈమె అడుగుపెట్టినప్పటి నుంచే" అని మొదలుపెట్టింది. తర్వాతే బోరు మీదకు వెళ్లింది. అంటే వాస్తు మా ఇంట్లో ఒక మేలు చేసిందనే చెప్పాలి. నింద మనిషి మీద నుంచి మూల మీదకు జరిగింది. సిద్ధాంతులను ఇళ్లలో ఎందుకు అంతగా కోరుకుంటారో నాకు అప్పుడు అర్థమైంది. తప్పు ఎవరిదీ కాదు, దిక్కుది అంటే ఇంట్లో అందరికీ ఊపిరి ఆడుతుంది. ఎర్త్ వైరు కలపకుండా స్టార్టరు బిగించుకున్నది మేమే. కేబులు రేకు మీదుగా లాగింది నేనే. అది ఒప్పుకోవడం కంటే 38 వేలు కట్టడం తేలిక. కానీ నింద మనిషి మీద వేసినా, మూల మీద వేసినా, కేబులు మాత్రం రేకు మీదే ఉంటుంది.

మీ ఇంట్లో పంచభూతాలను బ్యాలెన్సు చేయాలని ఉందా? చేయండి. నేనూ ఒక పట్టిక ఇస్తా, దక్షిణ అక్కర్లేదు.

నిప్పు: ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మోటరు నడుస్తుండగా చూడమనండి. ఆర్‌సీసీబీ పెట్టించండి, దాని మీదుండే టెస్టు మీట నెలకోసారి నొక్కి చూడండి. దండేనికి ఇనప తీగ తీసేసి నైలాను తాడు కట్టండి.

నీరు: మరుగుదొడ్డి గుంటకూ బోరుకూ మధ్య కనీసం 50 అడుగులు ఉండేలా చూడండి. ఆ గుంట ఏ దిక్కున ఉందన్నది కాదు, ఎంత దూరంలో ఉందన్నది, నేల వాలు ఎటు ఉందన్నది చూడండి. బోరు చుట్టూ గచ్చు చేసి మురుగు నిలవకుండా చేయండి. రేకుల మీద పడే వాన నీటిని ఇంకుడు గుంటకు మళ్లించండి.

గాలి: పొయ్యి ఆగ్నేయంలో ఉన్నా పొగ పోయే దారి లేకపోతే ఆడవాళ్ల ఊపిరితిత్తులు పాడే. కిటికీ పెట్టండి. కిటికీ ముందు బీరువా పెట్టకండి.

భూమి: పురుగుమందు డబ్బాలు ఇంట్లో, ధాన్యం పక్కన, పిల్లలకు అందే చోట పెట్టకండి. తాళం వేసిన పెట్టె వేరే ఉండాలి. మన ఇళ్లలో అన్నిటికంటే పెద్ద దోషం ఆ డబ్బాలే. కోపంలో, అప్పు బాధలో ఉన్న మనిషి చేతికి అది దొరక్కుండా ఉంటే చాలు, ఒక ప్రాణం నిలుస్తుంది.

ఆకాశం: ఇంటి మధ్యలో ఖాళీ ఉంచాలంటారు. ఉంచండి. రాత్రి అన్నం తిన్నాక ఆ ఖాళీలో అందరూ కూర్చుని అప్పు ఎంతుందో, వడ్డీ ఎంతుందో ఆడవాళ్లతో సహా మాట్లాడుకోండి. మా ఇంట్లో ఆ పని మొదలుపెట్టింది మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చాకే.

చివరిగా మా ఇంటి సంగతి. నాలుగు గిన్నెల్లో ఉన్న రాతి ఉప్పు ఎర్త్ గుంటలో పోసేశాం, వృథా పోలేదు. పిరమిడ్లు పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. రాగి పట్టీని మాత్రం అమ్మ తీయనివ్వలేదు. "ఉండనీరా, ఎవరికేం బరువు" అంది. సరేనన్నా. అది గచ్చులో పడుంది, ఎవరికీ మంచీ లేదు, చెడూ లేదు. బోరు ఆగ్నేయంలోనే ఉంది. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. పోయిన నెల కొత్త గేదె ఈనింది, పెయ్య దూడ.

రేపు పొద్దున్నే ఒక్క పని చేయండి. మీ స్టార్టరు డబ్బా దగ్గరికి పోయి, చెయ్యి పెట్టకుండా, ఎర్త్ వైరు కనిపిస్తోందా లేదా చూడండి. కనిపించకపోతే సిద్ధాంతి కంటే ముందు ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి. ఆ తర్వాత వచ్చి నన్ను తిట్టండి, పడతా.